కెమెరాకు తెలియని తెలుపు

నాగర్‌కర్నూలు జిల్లాలోని తెలకపల్లి ప్రాంతమున ప్రత్తి పండును. కాయలు పగిలిన దినములలో చేలన్నియు తెల్లబడి, ఎండవేళ కన్నులకు మిరుమిట్లు గొలుపును. కాని ఆ ప్రత్తికుప్పను డిజిటల్ కెమెరాతో దగ్గరగా చిత్రించి, సర్వమును యంత్రమునకే వదలివేసినచో, చిత్రమున ప్రత్తి తరచుగా బూడిదవన్నెతో కనిపించును.

దీనికి కారణమేమి? కెమెరాలో వెలుగును కొలుచు సాధనము ఎదుట నున్న వస్తు వేదియో ఎరుగదు. ప్రతి దృశ్యమును సగటున నడిమి వన్నె గలదిగా నెంచి, దానికి తగినంత వెలుగునే లోనికి రానిచ్చును. అందుచే తెల్లని ప్రత్తి మసకబారును. నల్లని గేదె వెలిసిపోయినట్లుండును.

ఈ లోపమును సవరించుటకు 'ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్' అను ఏర్పాటు కలదు. దానిని +1 నకు మార్చిన వెలుగు రెండింతలగును. ప్రత్తి తన తెలుపును పొందును. గేదెను చిత్రించునపుడు -1 నకు మార్చిన వెలుగు సగమై, నలుపు నలుపుగనే నిలుచును.

ఇట్టి ఏర్పాట్లు మరి రెండు ముఖ్యమైనవి. మొదటిది షట్టరు వేగము. నల్లమల అడవిలోని మల్లెలతీర్థము జలపాతమును సెకనులో 1000వ వంతు కాలములో చిత్రించినచో నీటిబొట్లు ముత్యములవలె విడివిడిగా కానవచ్చును. షట్టరును అరసెకను తెరచి యుంచినచో ధార పట్టుబట్టవలె జాలువారును. అప్పుడు కెమెరా కదలకుండ స్టాండుపై నిలుపవలెను. రెండవది అపెర్చరు. కటకములోని ఈ రంధ్రమును పెద్దదిగా తెరచిన రైతు ముఖము మాత్రము స్పష్టమై, వెనుక చేను మసకబారును. చిన్నది చేసిన ముఖమును చేనును రెండును తేటగా కనిపించును. ఏది చూపవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే.

హైదరాబాదున ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసెను. ఆ కాలమున వెలుగును అంచనా వేయుట చిత్రకారుని అనుభవముపైననే ఆధారపడి యుండెను. నేడు ఆ లెక్కను యంత్రము చేయును. కాని ఆ లెక్క సరియో కాదో తెలిసికొనుటకు నేటికిని మనుష్యుని కన్నే వలయును.

ఈ శక్తితోపాటు బాధ్యతయు వచ్చును. 1957లో వచ్చిన 'మాయాబజారు' చలనచిత్రమున ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ తెరపై వెన్నెలను సృష్టించి ప్రేక్షకులను ముగ్ధులను చేసెను. అది మాయయని చూచువారికి తెలియును. కావున అందెవ్వరును మోసపోలేదు. అన్ని చిత్రములును అట్టివి కావు. తీతవేళ వాన తగిలిన ప్రత్తి రంగు మారును, ధర పడిపోవును. ఆ నష్టమునకు సాక్ష్యముగా రైతు చిత్రము తీసినపుడు, వెలుగు మితిమీరిన మచ్చలు మాసి, చెడిన ప్రత్తియు మంచి ప్రత్తివలె కనిపించును. రంగులకు మెరుగు పెట్టు ఫిల్టరును వాడినను అంతే. చూచుటకు చిత్రము సొంపుగనే యుండును, కాని రైతు గోడు అందు వినబడదు.

ప్రత్తికి తెలుపును తెచ్చిన ఏర్పాటే దాని మచ్చను దాచగలదు. కనుక మీటను త్రిప్పుటకు ముందు ఎదుటి వస్తువును కన్నులార చూడవలెను. పిదప చిత్రమును దానితో సరిపోల్చవలెను. కెమెరా వెలుగును మాత్రమే కొలువగలదు. ప్రత్తి తెల్లనిదో, మచ్చపడినదో చేనిలో నిలిచి చూచినవానికే తెలియును.