బోదకాలుకు రోజూ సబ్బునీళ్లే రక్ష

ప్రశ్న: మాది ధర్మపురి. అమ్మకు బోదకాలు. వానాకాలంలో తరచూ చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా వాస్తోంది. ఎలాంటి క్రీములు, చెప్పులు కొనాలి?

జవాబు: ముందు కొనాల్సినవి మామూలు సబ్బు, మెత్తని నూలు తువ్వాలు. బోదకాలు క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు వల్ల వచ్చినా, ఈ చలిజ్వరానికి ఎక్కువగా కారణం బాక్టీరియా. నాట్ల కాలంలో బురదలో నానిన వేళ్ల సందులు పగిలి, అక్కడి నుంచే అది లోపలికి చేరుతుంది. అందుకే ఫైలేరియా మాత్రలు మాత్రమే వేసుకుంటే జ్వరాలు ఆగవు. రోజూ కాలు కడిగి, మడతలు, వేళ్ల సందులు రుద్దకుండా అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. సందులు తెల్లగా నానినట్లుంటే వైద్యుల సలహాతో క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ క్రీము రాయాలి.

తడి తగిలితే వాపు పెరుగుతుందని కొందరి భయం. హాని చేసేది కడగడం కాదు, తడి ఆరకుండా వదిలేయడం. కడిగినంత మాత్రాన పాత వాపు తగ్గదన్న మాట నిజమే. కానీ జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ముదురుతుంది కాబట్టి, ఆ జ్వరాలను ఆపడమే అసలు వైద్యం. చెప్పులు వెడల్పుగా, మెత్తగా, ఒరుసుకోకుండా ఉండాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి. జ్వరమొస్తే కాపడం, మర్దన వద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.