కంప్యూటరు మాటిమాటికి పాస్‌వర్డు నడుగుట: నివారణోపాయములు

ఒక సంఘమున గుమాస్తా విసుగుతో పాస్‌వర్డును తప్పుగా పలుమారులు కొట్టగా ఖాతా మూతపడెను. ఎరువులకై వచ్చినవారు వట్టిచేతులతో మరలిరి. ఇట్టి చిక్కునకు ముఖ్యకారణములు మూడు.

మొదటిది: మనము లోనికి ప్రవేశించినపుడు బ్రౌజరు 'కుకీ' యను గుర్తును దాచుకొనును. ఇది గిడ్డంగిలో ధాన్యము దింపినపు డిచ్చు చీటి వంటిది. బ్రౌజరు మూయగనే కుకీలను చెరపు నమరిక యున్నచో చీటి పోవును. ఆ యమరికను తీసివేయవలెను.

రెండవది: తేదీ, గంట తప్పియుండుట. అపుడు చీటి గడువు లెక్క తారుమారగును. వానిని సరిచేయుడు. యంత్ర మాపినపుడెల్ల తేదీ తప్పుచుండిన, లోపలి నాణెపు బ్యాటరీని, సాధారణముగా సీఆర్ 2032ను, మార్పింపుడు.

మూడవది: పాస్‌వర్డు మార్చినను పాతదే యంత్రమున నిలిచియుండుట. విండోసునందు 'క్రెడెన్షియల్ మేనేజరు' తెఱచి పాతదానిని తొలగింపుడు.

పాస్‌వర్డు కొట్టుటకు ముందు పైనున్న చిరునామాను అక్షరమక్షరము చూడుడు. దొంగపుటలును ఇట్లే యడుగును. చీటి నిలిచినపిమ్మట, పలువురు వాడు యంత్రమును విడిచి లేచునపుడు తెరకు తాళము వేయుట మరువకుడు. తెఱచిన గాదెను విడిచిపోవు రైతు లేడుగదా!