జవాబు మూసి, ప్రశ్న చదవండి

ప్రశ్న: బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. గైడులో అకౌంట్స్ లెక్కలు చూస్తుంటే అన్నీ అర్థమవుతాయి. పరీక్ష హాల్లో మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. ఒక పేపర్ బ్యాక్‌లాగ్ కూడా ఉంది. ఇంకా ఏ మోడల్ పేపర్లు కొనమంటారు?
- విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కొత్తవేవీ కొనకమ్మా. ఉన్న గైడు చాలు. కాకపోతే ఇన్నాళ్లూ నువ్వు చేసింది చదవడమే, సాధన కాదు. ప్రశ్న కిందే జవాబు కనిపిస్తుంటే ప్రతి మెట్టూ సబబుగానే తోస్తుంది. ఆ మెట్టు నీ అంతట నీకు తట్టేదా లేదా అన్నది మాత్రం తెలియదు. పరీక్షలో అడిగేది దాన్నే.

ఈ తేడాను 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూపారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రి గైడు తిరగేస్తే అంతా వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఇదే. ఆ ధైర్యాన్ని నమ్మకు.

ఇక నీ అకౌంట్స్ సంగతి. తరుగుదల లెక్కే తీసుకో. లక్ష రూపాయల యంత్రం, ఏటా 10 శాతం తరుగుదల. స్థిర వాయిదాల పద్ధతిలో మూడో ఏడాది తరుగుదల 10,000 రూపాయలు, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 8,100. ఇది గైడులోనే ఉంటుంది. ఇప్పుడు ప్రశ్నను నువ్వే మార్చు. యంత్రం జూలై 1న కొన్నారు, ఖాతాలు మార్చి 31న ముగుస్తాయి అనుకో. మొదటి ఏడాది తొమ్మిది నెలలకే తరుగుదల వేయాలి, అంటే 7,500. ఆ ఒక్క తేదీతో తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తర్వాతి ఏళ్ల అంకెలన్నీ మారిపోతాయి. ఇలా మార్చి చేసిన ఒక్క లెక్క, చూసి ఎత్తిరాసిన పది లెక్కలకన్నా మేలు.

ఇంకొక్క మాట. ఒకే చాప్టర్ లెక్కలు వరసగా చేయకు. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక ఒకటి, తరుగుదల ఒకటి, ముగింపు లెక్కలు ఒకటి కలిపి పెట్టుకో. 2007లో ఘనపరిమాణం లెక్కల మీద రోరర్, టేలర్ చేసిన ప్రయోగంలో, ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లు సాధనలో బాగా రాణించారు. వారం తర్వాత పరీక్షలో వాళ్ల సగటు 20 శాతం. కలగలిపి చేసినవాళ్లది 63 శాతం. ఏ లెక్కకు ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే అలవాటు రెండో జట్టుకే పడింది. హాల్లో నీకు మొదలు తోచకపోవడానికి మూలం ఆ అలవాటు లేకపోవడమే. కలిపి చేసేటప్పుడు తప్పులు ఎక్కువ వస్తాయి, భయపడకు.

ప్రశ్న: బి.ఎస్సీ. ఫిజిక్స్. అయిదేళ్ల పాత పేపర్లు చేస్తే చాలంటున్నారు సీనియర్లు. నిజమేనా?
- విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ముందు సిలబస్ మారిందేమో చూసుకో తమ్ముడూ. మారితే పాత పేపర్లలో కొంత భాగం నీకు పనికిరాదు. మిగిలినది తప్పకుండా చెయ్యి, గడియారం పెట్టుకుని, పుస్తకం పక్కన లేకుండా చెయ్యి. తర్వాత తప్పులకు ఒక నోటుబుక్కు పెట్టు. అందులో సరైన జవాబు రాస్తే సరిపోదు, తప్పు ఎందుకు వచ్చిందో రాయాలి. ఉదాహరణకు 127, 27 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే కార్నో ఇంజన్ దక్షత అడిగారు. కెల్విన్‌లోకి మార్చకుండా లెక్కిస్తే సుమారు 79 శాతం వస్తుంది. 400, 300 కెల్విన్లు వేస్తే 25 శాతం. సూత్రం వచ్చు, ప్రమాణం మార్చడం మరిచావు. ఆ ముక్కే నోటుబుక్కులో ఉండాలి.

ప్రశ్న: నాది బి.ఏ. తెలుగు. మా సబ్జెక్టులో లెక్కలుండవు. ఇక ప్రాక్టీస్ ఎలా?
- విద్యార్థిని, తిరుపతి

జవాబు: ‘కన్యాశుల్కంలో మధురవాణి పాత్ర’ అనే వ్యాసం కంఠతా వచ్చి ఉంటుంది. ‘మధురవాణి, గిరీశం పాత్రలను పోల్చండి’ అని అడిగితే? పది నిమిషాల్లో, వ్యాసం మొత్తం కాకుండా, అయిదారు ముఖ్యాంశాలు మాత్రమే కాగితం మీద పెట్టు. ఒక్కో అంశం పక్కన నాటకంలోంచి ఒక్కో సంఘటన ఉండాలి. కరటకశాస్త్రి పన్నాగానికి మధురవాణి చేసిన సాయం, ఆమె మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్లడం, అలాంటివి. సంఘటన గుర్తురాని అంశం నీకింకా రానట్టే, మళ్లీ నాటకం తెరువు. గైడు కాదు, నాటకమే.

ఛందస్సుకూ ఇదే దారి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణాలనీ, యతి పదో అక్షరమనీ అప్పజెప్పడం తేలికే. ఎన్నడూ చూడని పద్యం తీసి గురులఘువులు గుర్తించి చూడు.

ప్రశ్న: గేట్ మాక్ టెస్టుల్లో అన్ని ప్రశ్నలకూ ఏదో ఒకటి పెట్టేస్తున్నాను. తప్పా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒకే సరైన జవాబుండే మల్టిపుల్ చాయిస్ ప్రశ్నల్లో తప్పే. ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడోవంతు, రెండు మార్కులదైతే మూడింట రెండొంతుల మార్కు పోతుంది. అంకె రాసే ప్రశ్నలకు నెగెటివ్ లేదు, వాటిని ఖాళీగా వదలొద్దు. మాక్ టెస్టులోనూ ఈ క్రమశిక్షణ పాటించు.

ప్రశ్న: పిల్లలు ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ ఇవ్వమని వెంటపడుతున్నారు. ఇవ్వనా?
- డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, నల్గొండ

జవాబు: ఇవ్వండి మేడం, జవాబులు మాత్రం ఇవ్వకండి. క్లాసు చివరి పది నిమిషాలు కేటాయించి ఒక ప్రశ్న బోర్డు మీద రాయండి, పుస్తకాలు మూయించి రాయించండి. మార్కులు వేయకండి. వేస్తే తప్పులు దాచుకోవడం మొదలవుతుంది. ట్యూషన్ ఫీజు కట్టలేని పిల్లలకు పరీక్షకు ముందే తమ తప్పు తెలుసుకునే చోటు మీ తరగతి ఒక్కటే. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.