దేవుడు ముందుగా అప్పము ఇచ్చాడు
పాఠ్యభాగము: 1 రాజులు 19:1–18



ఆపరేషన్ ముందు రాత్రి వార్డులో నిద్రపట్టని వారిని మేము చాలామందిని చూస్తుంటాము. కొందరికి రిపోర్టు భయం, కొందరికి ఖర్చు భయం. "సిస్టరమ్మా, ప్రార్థన చేస్తూనే ఉన్నాను, అయినా గుండెదడ తగ్గడం లేదు. నా విశ్వాసం చాలదా?" అని అడుగుతారు. అలా అడిగేవారికి మేము ఏలీయా ప్రవక్తను గుర్తుచేస్తాము.

కర్మెలు పర్వతంపై అంత గొప్ప కార్యం జరిగిన తరువాత, యెజెబెలు రాణి బెదిరింపు విని ఆయన ప్రాణభయంతో పారిపోయాడు. తన పనివాణ్ణి బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యంలోకి వెళ్లి, బదరీవృక్షం కింద కూర్చుని చావును కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. కాబట్టి భయపడుతున్న రోగిని అవిశ్వాసి అని మనము నిందించకూడదు. దేవుడు ఏమి చేశాడో వరుసగా చూద్దాము.

1. నిద్ర, ఆహారం: ఏలీయా నిద్రపోయాడు. దూత ఆయనను తట్టి లేపి అప్పము, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. మాటలు ఆ తరువాతే. రోగి పక్కనుండే బంధువులు చాలామంది తిండీ నిద్రా మానేస్తారు. వేళకు తినండి, వంతులవారీగా పడుకోండి. షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసముంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుగారిని అడగనిదే ఉపవాసం ఉండవద్దు, మందులు ఆపవద్దు. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినవద్దని చెప్పిన రోగులు మాత్రం ఆ మాట పాటించాలి.

2. మనసు విప్పడం: హోరేబులో దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. ఏలీయా రెండుసార్లూ అదే బాధ చెప్పాడు. దేవుడు విసుగుకొనలేదు. మీ భయం దేని గురించో దానినే ప్రార్థనలో చెప్పండి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, ఇంకా మెల్లగా వదలండి. గుండెదడ కొంత నెమ్మదిస్తుంది.

3. తోడు: నేనొక్కడినే మిగిలానన్న ఏలీయాకు ఇంకా 7,000 మంది ఉన్నారని దేవుడు తెలిపాడు, ఎలీషాను తోడిచ్చాడు. రోగులను చూడవచ్చే సంఘస్థులు సలహాలు తగ్గించి, కాసేపు పక్కన కూర్చుంటే చాలు. బంధువులకు కాస్త అన్నం తెస్తే మరీ మంచిది.

హోరేబునుండి తిరిగి వెళ్లేనాటికి యెజెబెలు ఇంకా రాణిగానే ఉన్నది. అపాయం తొలగలేదు, అయినా ఏలీయా లేచి నడిచాడు. దేవుడిచ్చే సమాధానం ఇటువంటిది.

ఒక జాగ్రత్త. ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం వస్తే భయమేలే అనుకోక వెంటనే ఆసుపత్రికి రండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుగారికి చెప్పండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆ రోజే చెప్పండి, దాచవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. సహాయం అడగడం విశ్వాసలోపం కాదు. ఏలీయా కూడా దూత ఇచ్చిన అప్పము తిన్నాడు.

ధ్యానించుకొనుటకు: ఈ వారం మన ఇంట్లో, మన సంఘంలో బదరీవృక్షం కింద కూర్చున్నవారు ఎవరు? వారికి మనము ఏమి తీసుకువెళ్లగలము?

ప్రార్థన: ప్రభువా, మా భయాలు నీకు తెలుసు. ఈ రాత్రి నిద్రపట్టని ప్రతివారికి నీ సమాధానము దయచేయుము. వారి పక్కన కూర్చునే ఓపిక మాకు ఇమ్ము. ఆమేన్.