తోడివారి ప్రోత్సాహము

సాయంకాలము ఆటస్థలమునందు పిల్లలను గమనించు ప్రతి ఉపాధ్యాయునకును ఒక సంగతి తెలియును. ఒంటరిగా పరుగెత్తుమనినచో రెండు చుట్లకే ఆయాసమని కూర్చుండు బాలుడు, ప్రక్కన స్నేహితుడున్నచో నాలుగు చుట్లు తిరిగి, ఇంకను తిరుగుదమా యని అడుగును. తోడివాని సాన్నిధ్యమునకు అంతటి శక్తి కలదు. ఆ శక్తి ఎక్కడ మేలు చేయును, ఎక్కడ తెలియకయే కీడు చేయును అను విషయమును ఈ పాఠమున విచారింతము. మొదట వ్యాయామమును గూర్చియు, పిమ్మట బాల్యమున కలుగు ఒక మనోవ్యాధిని గూర్చియు చెప్పెదము. ఈ రెండింటికి సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. పాఠము ముగియులోపల అది తేటపడును.

వ్యాయామమునకు తోడు

1898వ సంవత్సరమున అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమునందు నార్మన్ ట్రిప్లెట్ అను పరిశోధకుడు సైకిలు పందెముల లెక్కలను పరిశీలించి, ఒంటరిగా త్రొక్కువారికంటె ఇతరులతో కలిసి త్రొక్కువారు వేగముగా పోవుచున్నారని గ్రహించెను. తరువాత 40 మంది పిల్లలచేత చేపల గాలమునకు దారము చుట్టు రాట్నములను ఒకమారు ఒంటరిగాను, ఒకమారు పోటీగాను త్రిప్పించెను. సగముమంది పోటీలో వేగము హెచ్చించిరి. పదిమందిలో మార్పు అంతగా కనబడలేదు. తక్కిన పదిమంది ఆత్రపడి, తొట్రుపడి, మునుపటికంటె వెనుకబడిరి.

ఈ చివరి పదిమందిని మనము మరువరాదు. తోడు మంచిదే గాని, పోటీ అందరికిని పొసగదు. బలహీనుడైన బాలునితో “వానిని ఓడింపుము” అనుటకంటె, “నిన్నటికంటె నేడు ఒక చుట్టు హెచ్చుగా తిరిగితివి” అనుట మేలు. మొదటి మాట వాని దృష్టిని పరునిమీదికి త్రిప్పును. రెండవది వాని ప్రయత్నముమీదికి త్రిప్పును. ఈ రెండవదానినే మేము ప్రోత్సాహమనుచున్నాము.

5 మొదలు 17 ఏండ్ల వయస్సుగల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలికి చురుకుదనము కలిగించు శ్రమ కావలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరమున ప్రకటించినది. చెడుగుడు, కోతికొమ్మచ్చి, బంతియాట, వడిగా నడచుట, సైకిలు త్రొక్కుట, ఇవన్నియు ఆ లెక్కలోనివే. అయితే ఒకనాడు ఉత్సాహముతో ఆడుట సులభము. దానిని అలవాటుగా చేసికొనుట కష్టము. 2010వ సంవత్సరమున లండను నగరమందలి యూనివర్సిటీ కాలేజివారు ప్రకటించిన పరిశోధనలో 96 మంది, ఒక్కొక్కరు ఒక్కొక్క క్రొత్త అలవాటును నేర్చుకొనజూచిరి. ఆ పని ఆలోచింపకయే జరుగునంతటి అలవాటగుటకు నడుమ లెక్కన 66 దినములు పట్టునని తేలెను. కొందరికి 18 దినములే చాలునట్లును, కొందరికి 254 దినములు కావలసినట్లును కనబడెను. మధ్య ఒక దినము తప్పినంతమాత్రమున అలవాటు చెడిపోలేదు.

కావున తోడివాని పని ఒకనాటితో ముగియునది కాదు. రెండు మూడు నెలలపాటు అదే వేళకు ఇంటి గుమ్మము నొద్దకు వచ్చి “పద, పోవుదము” అని పిలుచువాడే మంచి తోడు. ఒకనాడు రాలేనివానిని ఎగతాళి చేయక, మరునాడు మరల పిలువవలయును.

వెంటాడు తలంపులు

ఇక రెండవ విషయమునకు వత్తము. మన పిల్లలలో కొందరు, దేహము ఆరోగ్యముగా నున్నను, లోపల గొప్ప పోరాటము పోరాడుచుందురు. చేతులు కడిగినవే మరల మరల కడుగుదురు. తలుపు గడియను పదిమారులు చూతురు. వ్రాసిన అక్షరము సరిగా లేదని కాగితము చిరుగువరకు చెరిపి వ్రాయుదురు. ప్రార్థనలో ఒక మాట తడబడినదని మొదటినుండి మరల ఆరంభింతురు. “అమ్మా, నీకేమియు కాదు గదా?” అని ఒకే ప్రశ్నను దినమునకు నలువది మారులు అడుగుదురు. ఇంటివారు దీనిని చాదస్తమందురు, తోటివారు నవ్వుదురు. వైద్యులు దీనికి అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని పేరు పెట్టిరి. పొడి అక్షరములలో ఓ.సి.డి. అందురు. నూరుగురు పిల్లలలో సుమారు ఒకరికో ఇద్దరికో ఇది కలుగుచుండును. తరచుగా పదియేండ్ల ప్రాయమున మొదలగును.

ఇందు రెండు భాగములు గలవు. మొదటిది, వలదన్నను వచ్చు భయంకరమైన తలంపు. రెండవది, ఆ భయమును అణచుటకై చేయక తప్పదని తోచు చేష్ట. తలంపు వచ్చుటయే వ్యాధి కాదు. 1978వ సంవత్సరమున రాక్‌మన్, డి సిల్వా అను పండితులు విచారింపగా, ఆరోగ్యవంతులలో సహితము చాలమందికి ఇట్టి వింత తలంపులు వచ్చి పోవుచున్నట్లు తెలిసెను. వారు వానిని లెక్కసేయరు. రోగి వానిని తరుమజూచును. తరిమినకొలది అవి హెచ్చును. మందు త్రాగునప్పుడు కోతిని తలంపరాదన్న నియమము పెట్టగా, ఆ మనుష్యునకు కోతి తప్ప మరేమియు తోపలేదను కథ మన తెలుగువారికి తెలిసినదే. 1987వ సంవత్సరమున అమెరికాలో డేనియల్ వెగ్నర్ అను ఆచార్యుడు విద్యార్థులతో తెల్లని ఎలుగుబంటిని తలంపవద్దని చెప్పి, తలంపు వచ్చినప్పుడెల్ల గంట మ్రోగింపుమనెను. గంట మ్రోగుచునే యుండెను!

ఇట్టి తలంపులును చేష్టలును దినమున ఒక గంటకు మించి కాలమును హరించినను, చదువునకును ఆటకును అడ్డము వచ్చినను, దానిని వ్యాధిగా ఎంచి వైద్యునియొద్దకు పోవలయును. ఇది పాపము కాదు, సోమరితనము కాదు, తల్లిదండ్రుల పెంపకపు లోపమును కాదు. బుద్ధిహీనతయు కాదు. 1755వ సంవత్సరమున సుప్రసిద్ధమైన ఆంగ్ల నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు, గుమ్మము దాటునప్పుడు ఇన్ని అడుగులే వేయవలయుననియు, ఫలాన పాదమే ముందు పడవలయుననియు పట్టుబట్టెడివాడు. తప్పినచో వెనుకకు పోయి, మరల మొదటినుండి నడచి, ఆ తరువాతనే తనతో వచ్చినవారిని కలిసికొనెడివాడు. ఈ సంగతిని అతని మిత్రుడు బాస్వెల్ 1791వ సంవత్సరమున ప్రచురించిన జీవితచరిత్రమున వ్రాసియున్నాడు. అంతటి పండితుని పాండిత్యము ఆ అడుగుల లెక్కను మాన్పలేకపోయినది గదా!

చికిత్స యెట్టిది?

చేష్ట చేసినంతనే భయము కొంచెము తగ్గును. అందుచేతనే అది విడువదు. అప్పు తీర్చుటకు మరల అప్పు చేసినట్లు, నేటి నెమ్మదికొరకు చేసిన చేష్ట రేపటి భయమును వడ్డీతో పెంచును. ఈ వలయమును త్రెంచు ఉపాయమును 1966వ సంవత్సరమున ఇంగ్లండులో విక్టర్ మేయర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. రోగి తాను భయపడు దానిని ఎదుర్కొనవలయును. ఎదుర్కొని, అలవాటైన చేష్టను చేయక నిలువవలయును. పిల్లల విషయమున దీనిని మెట్లుమెట్లుగా చేయింతురు. బల్లను తాకి అయిదు నిమిషములు చేయి కడుగకుండుట మొదటి మెట్టనుకొందము. పది నిమిషములు కడుగకుండుట రెండవది. తలుపు పిడిని తాకి, చేయి కడుగకయే ఆటకు పోవుట ఇంకను పైమెట్టు. భయము కెరటమువలె లేచును. చేష్ట చేయకున్నను దానిని ఓర్చుకొనవచ్చునని బిడ్డ అనుభవముచేత తెలిసికొనును.

2004వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 7 మొదలు 17 ఏండ్లవారగు 112 మంది పిల్లలను నాలుగు తెగలుగా చేసి 12 వారములు చూచిరి. ఈ అభ్యాసమును సెర్ట్రలీన్ అను మందును కలిపి పొందినవారిలో నూటికి సుమారు 54 మందికి వ్యాధి దాదాపు నిమ్మళించెను. అభ్యాసము మాత్రమే పొందినవారిలో 39 మందికిని, మందు మాత్రమే పొందినవారిలో 21 మందికిని, ఉత్తుత్తి మాత్రను మ్రింగినవారిలో 4గురికిని అట్లు జరిగెను. కావున ఈ వ్యాధి కుదురునది. కాని దానికి శిక్షణ పొందిన వైద్యుడు కావలయును.

ఊరడింపునకును ప్రోత్సాహమునకును భేదము

ఈ పాఠమునకు ప్రాణము ఇక్కడనే యున్నది. బిడ్డ “నా చేతులు శుభ్రముగా నున్నవా?” అని యడుగును. తల్లి జాలిపడి “ఉన్నవి నాయనా” అనును. అది ఊరడింపు. ప్రేమతో చెప్పినదే, కాని ఆ జవాబును ఒక చేష్టయైపోయినది. అయిదు నిమిషములకు బిడ్డ మరల అడుగును. ఇంటిల్లిపాది జవాబులు చెప్పుచు, వాని కొరకు తలుపులు తెరచుచు, పళ్లెములు రెండుమారులు కడుగుచు, తెలియకయే వ్యాధికి కొలువు చేయుదురు.

ప్రోత్సాహము వేరు. “నాయనా, ఆ భయము మరల వచ్చినట్లున్నది. అది ఎంత కష్టమో నేనెరుగుదును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పను గాని, నీ ప్రక్కనే కూర్చుందును. నిన్న పది నిమిషములు నిలిచితివి గదా!” అనుట ప్రోత్సాహము. ఊరడింపు భయమును తీసివేయజూచును. ప్రోత్సాహము భయముండగనే నిలుచుటకు ధైర్యమిచ్చును. అయితే ఇంటివారు జవాబులు హఠాత్తుగా మానివేయరాదు. వైద్యునితో ఆలోచించి, బిడ్డ సమ్మతితో, కొంచెము కొంచెముగా తగ్గింపవలయును.

విద్యార్థులారా, మీ పనియు ఇట్టిదే. మీ తరగతిలో ఇట్టి బాధగలవానికి మారుపేరు పెట్టకుడు. ధైర్యము నేర్పుదుమని వాని చేతికి మన్ను పూయకుడు. తన మెట్టును తానే ఎక్కవలయును గాని ఇతరులు త్రోయరాదు. “ఏమోయి, ఆట మొదలగుచున్నది, నీకొరకు చోటు ఉంచితిమి” అని పిలువుడు. అతడు ఆలస్యముగా వచ్చినను సంతోషింపుడు.

ఇదే బాధను అనుభవించి మెట్లెక్కినవారి మాటకు మరియొక బలము కలదు. “నా ఒక్కనికే ఇట్టి తలంపులు” అని సిగ్గుపడి దాచుకొనువానికి, “నాకును వచ్చినవి” అను మాట చెరసాల తలుపు తీసినట్లుండును. 1986వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఈ వ్యాధిగలవారు కొందరు కలిసి ఒక సంఘమును స్థాపించిరి. అదియే నేడు అంతర్జాతీయ ఓ.సి.డి. ఫౌండేషనుగా పనిచేయుచున్నది. కాని ఇట్టి తోడివారినికూడ “ఇది ప్రమాదము కాదు గదా?” అని ఒకరి తరువాత నొకరిని అడుగుచు పోయినచో, అదియు ఊరడింపే యగును.

వ్యాయామము ఈ వ్యాధికి మందు అగునా? నిద్రకును, మనస్సు యొక్క ఉల్లాసమునకును అది మేలు చేయును. ఈ వ్యాధిపై దాని ప్రభావమును గూర్చిన పరిశోధనలు చిన్నవి, ఫలితములు ఒక్కతీరుగా లేవు. కావున చికిత్సకు తోడుగా ఉంచవలయును గాని బదులుగా కాదు. మరియొక హెచ్చరిక. వ్యాధి కొన్నిసార్లు వ్యాయామములోనికే దూరును. సరిగా నూరు గుంజిళ్లు కాకున్న కీడు కలుగునని తోచి, లెక్క తప్పినచో మొదటినుండి తీయువాడు వ్యాయామము చేయుటలేదు, చేష్ట చేయుచున్నాడు. అప్పుడు మంచి తోడు “నూరు పూర్తిచేయుము” అనడు. “తొంబదియేడు దగ్గర ఆపి, ఇద్దరము నడచి పోవుదము” అనును. వ్యాయామమునందును వ్యాధియందును తోడివాని పని ఒక్కటేయని ఇక్కడ స్పష్టమగుచున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ స్నానపుగదిలో గంటలకొలది యున్నను, ఒక పుట వ్రాయుటకు పూటయంతయు పట్టుచున్నను, కోపపడక మెల్లగా అడిగి తెలిసికొనుడు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు గలవు. బెంగుళూరున నిమ్‌హాన్స్ కలదు. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వమువారు ఆరంభించిన టెలిమానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. ఎంత త్వరగా చికిత్స ఆరంభించిన, బిడ్డ చదువునుండియు ఆటలనుండియు వ్యాధి అపహరించు దినములు అంత తగ్గును.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ట్రిప్లెట్ పరీక్షలో వెనుకబడిన పదిమంది పిల్లలతో మీరు ఏమని మాటలాడుదురు?

2. “ఏమియు కాదులే” అను మాట ఎప్పుడు మేలు చేయును? ఎప్పుడు కీడు చేయును?

3. మీ వీధిలో ఆటకు రాని బాలుడుగాని బాలికగాని ఉన్నారా? ఈ వారమున మీరు వారిని ఏమని పిలుతురు?