వికీపీడియాలో మూసలు: ఒకచోట వ్రాత, పలుచోట్ల వాడుక

ఒకే విషయమును పలు పుటలలో చూపవలసి వచ్చినప్పుడు దానిని ప్రతి పుటలోను తిరిగి వ్రాయుట మేలా? ఒకచోట వ్రాసి, కావలసిన చోటికెల్ల రప్పించుకొనుట మేలా? వేలకొలది పుటలు గల వెబ్‌సైటును నిర్వహించువారికి ఈ ప్రశ్న తప్పక ఎదురగును. దీనికి చక్కని సమాధానము 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోనే కలదు.

తెలుగు వికీపీడియా మీడియావికీ అను సాఫ్ట్‌వేరు ఆధారముగా నడచుచున్నది. పలు వ్యాసములలో మరల మరల వాడుకొనదగిన భాగమును అందులో 'మూస' అందురు. ఒకే రూపు గల వస్తువులను 'మూసపోసినట్లున్నవి' అనుట మనకు పరిపాటియే కదా! ఉర్దూ వికీపీడియాలో దీని పేరు 'సాంచా'. ఆ మాటకును అచ్చు అనియే అర్థము. రెండు భాషలవారును ఒకే పోలికను ఎన్నుకొనుట గమనింపదగినది.

మూసకు ప్రత్యేకముగా ఒక పుట ఉండును. వ్యాసములో ఆ మూస పేరును జంట మీసాల బ్రాకెట్ల నడుమ వ్రాసినచో, పాఠకుడు వ్యాసమును తెరచినప్పుడు మూసలోని విషయము అక్కడ ప్రత్యక్షమగును. వ్యాసములో ఉండునది పేరు మాత్రమే; విషయము మూస పుటలోనే ఉండును. కావున మూసను సరిదిద్దినచో దానిని పిలిచిన వ్యాసములన్నియు సరియగును.

మూసను నిర్వచించువాడు మొదట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అన్ని పుటలలోను మారనిది ఏది? పుటపుటకు మారునది ఏది? మారవలసిన విలువను వ్రాయువారు ఇవ్వనిచో ఏమి చూపవలెను? గ్రామమునకు సంబంధించిన సమాచారపెట్టెను తీసికొందము. 'మండలము', 'జిల్లా', 'జనాభా' అను శీర్షికలు మారవు. వాటి ఎదుట నిలుచు విలువలు మారును. వీటినే పారామీటర్లు అందురు. చోడవరం అను పేరు ఒక్కటే చాలదు. కృష్ణా జిల్లా పెనమలూరు మండలములోను ఒక చోడవరం కలదు. కావున మండలమును, జిల్లాను వేర్వేరు పారామీటర్లుగా ఉంచుట అవసరము. జనాభా అంకె ఇవ్వనిచో ఆ వరుసయే కనబడకుండునట్లు ఏర్పాటు చేయుట మంచిది. ఖాళీ గడి పాఠకునికి ఏమియు తెలుపదు.

ఈ పద్ధతి విలువ మన ప్రాంతపు ఉదాహరణతో బాగుగా బోధపడును. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 జిల్లాలైనవి. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. కొత్త జిల్లా 24 మండలములతో ఏర్పడినది. ప్రతి మండల వ్యాసము అడుగున జిల్లాలోని మండలముల జాబితా ఉన్నదనుకొందము. దానిని చేతితో వ్రాసియున్నచో ఒక్క మార్పునకు 24 చోట్ల దిద్దుబాటు చేయవలెను. ఒక్కటి మరచినను ఒకే వెబ్‌సైటు రెండు మాటలు చెప్పును. దరఖాస్తు నింపుకొనుచు తన జిల్లా పేరు వెదకు విద్యార్థి దేనిని నమ్మవలెను? జాబితా మూసలో ఉన్నచో ఒక్క దిద్దుబాటుతో పని ముగియును.

అట్లని 'విశాఖపట్నం' అను పేరు కనబడిన చోటనెల్ల 'అనకాపల్లి' అని మార్చుట తగదు. 2011 జనగణన జరిగినప్పుడు చోడవరం విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నది. 1985లో మండలములు ఏర్పడక పూర్వము అది తాలూకా కేంద్రము. ఆ కాలముల సంగతులను చెప్పు వాక్యములలో ఆనాటి పేర్లే సత్యములు. నేటి స్థితిని తెలుపుచు పలు పుటలలో సమానముగా ఉండవలసినది మూసకు తగినది. ఒక కాలమునకు కట్టుబడిన విషయమును సంవత్సరముతో సహా వ్యాసములోనే వ్రాయవలెను. ఈ వివేచనయే మూసల విద్యకు ప్రాణము.

మీడియావికీలో మూసను పిలుచుటకు బదులు దాని పాఠమును శాశ్వతముగా వ్యాసములోనికి దింపు పద్ధతియు కలదు. అట్లు దింపిన పాఠమునకు మూసతో సంబంధము తెగిపోవును. తరువాత మూస మారినను అది మారదు. అందుచేత, మారరాని విషయమునకు ఈ పద్ధతి, మారవలసిన దానికి పిలుపు పద్ధతి తగియుండును.

మూసలోని మేలువలెనే కీడును పుటలన్నిటికి ప్రాకును. ఒక బ్రాకెట్టు జారినను వందల వ్యాసముల రూపు చెడవచ్చును. కావుననే మార్పును ముందు ప్రయోగశాల పుటలో పరీక్షింపవలెను. 'ఇక్కడికి లింకున్న పేజీలు' అను సాధనముతో ఆ మూసను వాడు వ్యాసములేవో చూచుకొనవలెను. పారామీటర్ల వివరణను మూసతోపాటే వ్రాసియుంచవలెను.

మరియొక మాట. మూస ప్రతి ఊరికి జిల్లాను, మండలమును, జనాభాను చూపగలదు. కాని గోవాడ చక్కెర కర్మాగారమునకు చెరకు పండించిన రైతుల కథను అది చెప్పజాలదు. దానిని ఆ ఊరి నెరిగినవారే వ్రాయవలెను. విద్యార్థులారా! పునరుక్తి శ్రమను మూసలకు అప్పగించి, మిగిలిన కాలమును మీ ఊరికే సొంతమైన సంగతులను వ్రాయుటకు వినియోగింపుడు.