బిడ్డ పళ్లెము

చందమామను చూపించి గోరుముద్దలు తినిపించుట మన యిండ్లలో తరతరముల నుండి వచ్చుచున్న ముచ్చట. అందు తల్లి ప్రేమ కలదు. కాని బిడ్డ మూతి త్రిప్పుకొనినను "ఇంకొక్క ముద్ద" యని నోట కుక్కుట మేలు కాదు. మాటలు రాని పసివానికి కడుపు నిండినదని తెలుపుటకు వేరు మార్గ మేది?

తన ఆకలి బిడ్డకు నిజముగా తెలియునా? 1926లో అమెరికా దేశమున క్లారా డేవిస్ అను వైద్యురాలు దీనిని పరీక్షింప నారంభించెను. అప్పుడే పాలు మాన్పించిన శిశువుల కొరకు 34 రకముల ఆహారము నిర్ణయించి, పూటకు కొన్ని చొప్పున ముందుంచెను. దాది చెంచాతో ప్రక్కన కూర్చుండవలెను. బిడ్డ చేయి చాపినదానినే అందింపవలెను. తినుమని అనరాదు, వలదని అనరాదు. ఒక్కొక్క శిశువు ఒక్కొక్క తీరున తినెను. అయినను క్రమముగా చేరిన 15 మందియు చక్కగా పెరిగిరి. ఎముకలు మెత్తబడు రికెట్సు వ్యాధితో వచ్చిన ఒక శిశువు, దగ్గర నుంచిన కాడ్‌లివర్ నూనెను వ్యాధి మానువరకు త్రాగి, పిమ్మట ముట్టలేదట!

అట్లయిన అంతయు బిడ్డ యిష్టమునకే విడువవచ్చునా? విడువరాదు. ఆ 34 రకములలో పంచదార లేదు, మిఠాయి లేదు. కిటుకంతయు ఆ జాబితాలోనే యున్నదని డేవిస్ 1939లో తానే చెప్పెను. ఎంత తినవలెనో బిడ్డ యెరుగును; ఏమి వండవలెనో పెద్దలే యెరుగవలెను. రాగిజావ, పప్పన్నము, ఆకుకూర అలవాటైన యింట బిడ్డ వానినే అడుగును. బిస్కట్ల డబ్బా చేతికందినచో దానినే అడుగును. "కూర తినిన మిఠాయి యిచ్చెద" ననుట మరియొక పొరపాటు. కూర చేదని చెప్పకయే చెప్పినట్లగును. క్రొత్త కూరను ఒకసారి ఉమిసినంత మాత్రమున మానవలదు. ఎనిమిది పది పూటలు కొద్దికొద్దిగా రుచి చూపినచో పెక్కుమంది పిల్లలకు అది అలవడును.